కదలకు తాత గడ్డం

ఆ వీధుల్లో పుట్టి పెరిగిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని బావురుమన్నవాడే. ఇప్పుడు బ్యాంకుల్లోనూ ఆఫీసుల్లోనూ గంభీరంగా తిరిగే పెద్దమనుషులు కూడా ఒకప్పుడు ఆ సెలూన్లో కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసిన చెక్కపలక ఎక్కి, మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టించుకుని, వీధి చివరిదాకా వినిపించేలా రాగాలు తీసినవాళ్లే. ఆయన చెయ్యి మొరటుది కాదు. మనసు అంతకన్నా కాదు. కానీ కత్తెర చేతిలో ఉన్నంతసేపూ ఆయన నోట ఒకటే మాట ఆడేది. "కదలకు నాన్నా, అయిపోయింది." "కదలకు తల్లీ, ఇంకొక్కటే." అయిపోయేదీ కాదు, ఒక్కటితో ఆగేదీ కాదు. పిల్లలేం తక్కువవాళ్లా? కదలకు తాత అని పేరు పెట్టేశారు. పెట్టేనాటికి ఆయనకింకా పెళ్లయినా కాలేదు.

ఆ పేరు విని పెద్దవాళ్లు నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. కానీ లోపలెక్కడో చిన్న ముల్లు ఉండేది. మిఠాయి కొట్టాయన్ని చూస్తే పిల్లలు ఎదురు పరిగెడతారు. బెలూన్లవాడిని చూస్తే చెప్పులు వదిలేసి మరీ పరిగెడతారు. తనను చూస్తే మాత్రం అమ్మ కొంగు పట్టుకుని అవతలి వైపుకు లాగుతారు. జీవితమంతా పిల్లల తలల మధ్య గడిపిన మనిషికి ఒక్క పిల్లా ఎదురు రాకపోవడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

మోకాళ్లు మొరాయించాక ఆయన సెలూన్‌ను మేనల్లుడి చేతుల్లో పెట్టి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఊళ్లో పిల్లలు రాకపోతే పీడా పోయింది, సొంత మనవరాలు ఉందిగా అనుకున్నాడు. కూతురి కూతురు. బక్కగా, ఒక్కచోట కాలు నిలవకుండా గెంతుతూ ఉంటుందని ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు. ఇల్లు రెండు బస్సు స్టాపుల అవతలే. వచ్చిందంటే తాత భుజం దిగేది కాదు. ఆయన తిన్న పళ్లెంలోనే తినేది, ఆయన కళ్లజోడు పెట్టుకుని పేపరు తిరగేసి పట్టుకుని చదివేది. ఆయనకు అంతకంటే ఏం కావాలి?

ఆ ముచ్చట కూడా ఎండాకాలంలో పోయింది. బడిలో ఫొటో తీస్తున్నారని, పిచ్చుక జుట్టు కాస్త సరిచేద్దామని పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఎన్నో తలలు చూసిన చెయ్యి కదా, ధీమా. గోడ అవతలి నుంచి ఎవరో పలకరిస్తే అటు తిరిగి జవాబు చెబుతూనే కత్తెర ఆడించాడు. చెవి అంచు తెగింది. రక్తం రెండు చుక్కలే, కానీ పిల్ల కెవ్వుమంది. ఇంట్లోవాళ్లంతా పరుగెత్తుకొచ్చి "ఏం కాలేదు, ఏం కాలేదు, నొప్పేం లేదు" అని ఒకే పాట అందుకున్నారు. అందరికంటే గట్టిగా పాడింది ఆయనే. ఆ రోజు నుంచి పిచ్చుక తాత ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. తర్వాత ఆ ఇంటికి రావడమే మానేసింది. కూతురు మాత్రం వచ్చినప్పుడల్లా "పిల్లకి డ్రాయింగ్ క్లాసు నాన్నా," "పిల్ల పడుకుంది నాన్నా" అంటూ నీళ్లు నమిలేది. ఆయన తలూపేవాడు. ఏ క్లాసో ఆయనకు తెలియదా?

పొద్దున్నే నున్నగా గీసుకోనిదే కాఫీ ముట్టని మనిషి, ఆ దిగులుతో గడ్డం గీసుకోవడం మానేశాడు. ఒత్తుగా, తెల్లగా, నిగనిగలాడుతూ పెరిగింది గడ్డం. ఆయన భార్యకు నోరు ఊరుకోదు.

"ఏవండీ, మీరు సెలూన్ వదిలేశాక ఊళ్లో గీసేవాళ్లే లేరా? మేనల్లుడి దగ్గరికైనా వెళ్లండి. పాలవాడు నన్ను పట్టుకుని, మీ ఇంట్లో స్వామీజీ దిగారా అమ్మా అనడుగుతున్నాడు."

ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం కూతురు వచ్చింది. వంటగదిలో తల్లి పక్కన నిలబడి పకపకా నవ్వుతూ ఏదో చెబుతోంది. వాళ్ల వీధిలో పిల్లల లైబ్రరీ ఒకటుంది. అక్కడ ఏటా క్రిస్మస్ తాత వేషం వేయిస్తారు. పోయినేడు డ్రిల్లు మాస్టారు వేశాడట. వెదురుకర్రకు ఎర్రకోటు తొడిగినట్టున్నాడట. పైగా దూది గడ్డం ఊడి ఒక పిల్లాడి నోట్లో పడిందట. ఈసారి వేషానికి మనిషి దొరక్క లైబ్రరీ మేడమ్ కనిపించినవాళ్లనల్లా బతిమాలుతోందట.

హాల్లో కూర్చున్న ఆయన మెల్లగా లేచి వంటగది గుమ్మంలోకి వచ్చాడు.

"పిచ్చుక వస్తుందా అక్కడికి?"

"రాకుండా ఉంటుందా నాన్నా? ఇప్పట్నుంచే గెంతుతోంది."

"అయితే ఆ వేషం నేనేస్తా."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి కూర కలపడంలో మునిగిపోయింది.

"నాన్నా, నువ్వంటే పిల్లలు..." అని ఆగిపోయింది కూతురు.

"వాళ్లు చూసేది నన్ను కాదే, గడ్డాన్ని. నన్ను గడ్డంతో చూసిన పిల్ల ఆ వీధిలో ఒక్కతీ లేదు," అన్నాడాయన. వాదన బాగానే ఉంది. కూతురు లైబ్రరీ మేడమ్ ఫోన్ నంబరు రాసిచ్చింది.

కూతురు వెళ్లాక భార్య ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "ఎర్రకోటు చాటున మనవరాల్ని ఎత్తుకుందామని కదూ మీ ఎత్తు? దొంగ తాత!"

"ఒక్కసారి వచ్చి ఒళ్లో కూర్చుంటే చాలే. నేనని తెలియకపోయినా ఫర్వాలేదు."

ఆవిడ లేచింది. పీట తీసి గోడకు చేరవేసి, "సరే, ఆ గడ్డానికి కాస్త నూనె రాయండి, చీపురులా ఉంది," అని లోపలికి పోయింది.

లైబ్రరీ మేడమ్ ఫోన్లోనే పొంగిపోయి, మరో మాట కూడా చెవిన వేసింది. పిల్లలకు పంచే బిస్కెట్లు ఇంట్లో చేసినవైతే ఎంత బాగుంటుందో అని. ఆయన దానికీ సరేనన్నాడు. వంటగదిలో మంచినీళ్లు ముంచుకోవడం తప్ప మరో పని ఎరగని మనిషి! కూతురు ఎప్పుడో కొనిచ్చిన ఓవెన్‌లో పాత గిన్నెల మూతలు కాపురం చేస్తున్నాయి. వాటిని ఖాళీ చేయించి, నడుం కట్టి, రంగంలోకి దిగాడు. భార్య చెబుతుంటే వెన్న, పంచదార కలిపి గిలక్కొట్టాడు. ఆ పని మాత్రం ఆవిడ కూడా వంక పెట్టలేనంత బాగా వచ్చింది. గిన్నెలో సబ్బు నురగ కలిపి కలిపి తిరిగిన మణికట్టు అది.

కానీ తొలివాయి బిస్కెట్లు రాళ్లయ్యాయి. ఆవిడ ఒకటి తీసి గట్టు మీద కొట్టి చూసి, "పెరటి గోడకి రెండు వరసలు తక్కువయ్యాయన్నారుగా, సరిపోతాయి," అంది. రెండో వాయి బొగ్గయింది. మూడో వాయికి పిండి ఒత్తి, గుండ్రంగా కోసి, అంచుల్లో ఏ కాస్త వంకర కనిపించినా సన్నటి కత్తితో గీస్తూ కూర్చున్నాడు. పాపిడి తీసినంత శ్రద్ధగా. చివరికి గుండ్రాలు రూపాయి బిళ్లలంత మిగిలాయి. పైన గీతలు పడాలని జేబులోంచి దువ్వెన తీసేసరికి ఆవిడ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"అయ్యయ్యో, దువ్వెనా!"

"కొత్తదేనే! కాగితం కూడా విప్పలేదు, చూడు."

ఆ గీతలు పడ్డ బిస్కెట్లు చూడముచ్చటగా వచ్చిన మాట మాత్రం నిజం. రుచి సంగతి తేల్చుకోవడానికి ఆయన డబ్బా పట్టుకుని సెలూన్‌కు వెళ్లేవాడు. మెడకు గుడ్డ కట్టి ఉన్నవాడు వద్దని లేచి పారిపోలేడు కదా. అలా దొరికినవాళ్లకు దొరికినట్టు నోట్లో పెట్టి, ముఖాలు చూసి, పంచదార తగ్గించి, వెన్న పెంచి, మొత్తానికి జనం రెండోది అడిగే స్థితికి తెచ్చాడు. మేనల్లుడు గొణిగాడు, "మావయ్యా, వచ్చినవాళ్లు కటింగ్ అయిపోయాక కూడా లేవట్లేదు."

ఇక నవ్వు మిగిలింది. క్రిస్మస్ తాత హో హో హో అనాలట. రోజూ స్నానాల గదిలో తలుపేసుకుని సాధన చేశాడు. మూడో రోజున పక్కింటావిడ దగ్గు మందు సీసా పట్టుకొచ్చింది. "అన్నయ్యగారికి కఫం బాగా పట్టినట్టుంది," అంటూ.

ఆ రోజు రానే వచ్చింది. లైబ్రరీ అంటే మేడ మీద పొడుగాటి గది. పిల్లల చేతికి అందేలా పొట్టి అరలు, నేల మీద చాప, కిటికీ పక్కన కాగితం నక్షత్రాలు కోసుకునే బల్ల. ఎదురుగా గోడ దగ్గర ఎర్రగుడ్డ పరిచిన కుర్చీ. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, నూనెతో మెరిసే గడ్డంతో ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చి హో హో హో అన్నాడు.

పిల్లలంతా ఒక్క ఉదుటున ఆయన మీదికి పరిగెత్తారు.

ఆయన అక్కడే ఆగిపోయాడు. ఒకడు కాలు పట్టుకున్నాడు, ఒకత్తి కోటు లాగుతోంది, ఇంకొకడు గడ్డం తడిమి "నిజందే! నిజందే!" అని కేకలేస్తున్నాడు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆయన సెలూన్ పలక మీద ఏడ్చినవాళ్లే, ఆయన గుర్తుపట్టాడు. వాళ్లు మాత్రం ఆయన్ని గుర్తుపట్టలేదు. రెండో హో హో దగ్గులాగే వచ్చింది. మూల నిలబడి డబ్బాల మూతలు తీస్తున్న భార్య, పమిట చెంగుతో కళ్లు ఒత్తుకుని, బిస్కెట్ పొడి కంట్లో పడిందన్నట్టు ముఖం పెట్టింది.

పిల్లలు వరసలో వచ్చి, ఒళ్లో కూర్చుని, కోరిక చెప్పి, బిస్కెట్ తీసుకుని వెళ్తున్నారు. ఆయన కళ్లు వరస చివరనే ఉన్నాయి. పిచ్చుక జుట్టు పెరిగి భుజాలు దాటింది. ఎండాకాలం నుంచి కత్తెర పడలేదన్నమాట. ముఖం మీదికి పడుతుంటే ఊదుకుంటూ, ఒంటికాలి మీద గెంతుతూ ముందుకు జరుగుతోంది.

దాని వంతు వచ్చింది. అమాంతం ఎక్కి ఒళ్లో కూర్చుంది.

"నీకేం కావాలి పాపా?" అన్నాడాయన, గొంతు ఎంత బొంగురు చేయగలడో అంతా చేసి.

"మా అమ్మమ్మకి నడుంనొప్పి తగ్గాలి. నాకు ఉడత కావాలి. నిజమైంది."

"ఉడత కష్టమేమో గానీ... చూద్దాం."

"బిస్కెట్ ఎవరు చేశారు? నువ్వేనా?"

"నేనే."

"బావుంది," అని కొరికింది. జుట్టు బిస్కెట్ మీద పడింది. ఇంకోసారి కొరికింది, నోట్లోకి కూడా వచ్చింది.

ఏ బార్బర్ చూస్తూ ఊరుకుంటాడు? ఆయన చెయ్యి ఆయన్ని అడక్కుండానే లేచింది. వేళ్లు జుట్టును పక్కకు దువ్వాయి. బొటనవేలు చెవిని ముందుకు మడిచింది. అరచెయ్యి మాడు మీద ఆని తలను కాస్త వంచింది. అన్నేళ్లుగా ప్రతి పిల్ల తలనూ పట్టిన పట్టు అది, ఆ పట్టు వెనకాలే వచ్చే మాట కూడా వచ్చేసింది.

"కదలకు తల్లీ."

ఒళ్లో పిల్ల కొయ్యబారిపోయింది. మెల్లగా తల తిప్పి, గడ్డం పైన, టోపీ కింద ఉన్న ఆ కళ్లను చూసింది. బిస్కెట్ జారి పడింది. మరుక్షణం ఒళ్లోంచి జారి, చెవి చేత్తో మూసుకుని, "అమ్మా! తాత! కత్తెర తాత!" అని గుక్కపెట్టింది.

"ఒరేయ్, కదలకు తాతరోయ్!" అని వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. అంతే. వరస చెల్లాచెదురైంది. సగం మంది అరల వెనక్కి, సగం మంది బల్ల కిందకి. శాంటా అందరికీ గుండు కొడతాడట అని ఒక పుకారు పుట్టి గది చివరకు చేరేలోపే చెవులు కూడా కోస్తాడట అని పెరిగింది. లైబ్రరీ మేడమ్ నవ్వు ముఖాన అలాగే అతుక్కుపోయింది. కూతురు పరుగున వచ్చి పిచ్చుకను ఎత్తుకుంది.

"ఏం కాలేదమ్మా, ఏం కాలేదు, తాతే కదా, ఏం కాలేదు."

ఆ మాట వింటున్నకొద్దీ పిల్ల ఇంకా బిగుసుకుపోవడం ఆయన చూశాడు. ఎంతమంది ఎన్నిసార్లు చెబితే అంత గట్టిగా చెవి మూసుకుంటోంది. కూతురు దాన్ని భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. ఇప్పుడు ఆ గుమ్మం దాటితే ఇక ఈ పిల్ల తన దగ్గరికి రాదు. తాత వేషం మార్చుకుని మరీ వచ్చి పట్టుకున్నాడనుకుంటుంది. ఆయన లేచాడు.

కిటికీ పక్క బల్ల మీద నక్షత్రాలు కోసే కత్తెరలు ఉన్నాయి. మొనలు గుండ్రంగా, పిల్లల కోసం చేసినవి. కాగితాన్నే బతిమాలి కోసే రకం. ఆయన ఒకటి తీశాడు. గది అంతా మళ్లీ కెవ్వుమంది. ఆయన పట్టించుకోలేదు. పిల్లలు కూర్చునే పొట్టి స్టూలు ఒకటి గది మధ్యకు లాగి, మోకాళ్లు కిర్రుమంటుంటే దాని మీద చతికిలబడ్డాడు. కుర్చీ మీది ఎర్రగుడ్డ లాగి తన మెడకే చుట్టుకున్నాడు. కత్తెరను తిప్పి, పిడి బయటికి ఉండేలా పట్టుకుని చెయ్యి చాపాడు.

"ఈ గడ్డం మరీ పెరిగిపోయింది. ఎవరైనా కాస్త కత్తిరించి పెడతారా?"

ఎవరూ కదల్లేదు.

"నాకివ్వండి. మీ మీద నాకు బోలెడు కసి ఉంది," అంది భార్య, డబ్బా చంకన పెట్టుకుని.

అరల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పళ్లూడిన పిల్లాడొకడు ముందుగా బయటికి వచ్చాడు. కత్తెర అందుకుని, ఆయన ముఖం చుట్టూ ఒకసారి తిరిగి, గడ్డం కొసన కసుక్కుమనిపించాడు. చిన్న తెల్లటి పాయ ఎర్రగుడ్డ మీద పడింది. వాడు దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. ఇక చూస్కోండి. బల్ల కింద నుంచీ అరల వెనక నుంచీ పిల్లలు ఊడిపడ్డారు. వరస మళ్లీ కట్టింది, ఈసారి తోసుకుంటూ. ఒకత్తి ఆయన తల పట్టి ఇటు వంచింది, ఇంకొకడు అటు వంచాడు. "కదలకు తాతా!" "నిన్నే, కదలకు!" అని ఒకటే గోల. ఆయన గడ్డం వంకరటింకరగా, పొలం గట్టు తెగినట్టు తయారవుతోంది. నూనె రాసి మురిపెంగా చూసుకున్నది, పోతుంటే బాధ లేదనలేం. కానీ ఆయన చూపు గుమ్మం మీదే ఉంది.

కూతురు గుమ్మం దాటలేదు. భుజం మీద పిచ్చుక ఏడుపు ఆపి, మెడ చాచి చూస్తోంది. కాసేపటికి కాళ్లు ఆడించింది. కూతురు కిందకు దింపింది. పిల్ల గోడవారగా నడుచుకుంటూ వచ్చి, అందరికంటే వెనక నిలబడింది.

దాని వంతు వచ్చేసరికి ఆయన గడ్డం ఇంకాస్త ముందుకు చాచాడు. పిచ్చుక కత్తెర తీసుకుంది. దగ్గరికి రాకుండా, చెయ్యి మాత్రం బారెడు చాచి, చెంప పక్కన ఒక పాయ పట్టుకుని నొక్కింది. ఆ మొద్దు కత్తెరకు వెంట్రుకలు తెగలేదు, ఇరుక్కున్నాయి. పిల్ల గట్టిగా లాగింది. ఆయన కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

పిల్ల చెయ్యి ఆగిపోయింది.

"నొప్పేసిందా?"

లేదమ్మా, ఏం కాలేదు అనే మాట ఆయన నాలుక చివర సిద్ధంగా ఉంది. అన్నేళ్లూ కుర్చీలో కూర్చున్న ప్రతి పిల్లకూ అదే చెప్పాడు. చెబుతూనే కత్తిరించాడు. నొప్పేసిందా అని ఒక్క పిల్లనూ అడిగిన గుర్తు లేదు.

"వేసిందమ్మా. బాగా నొప్పేసింది," అన్నాడు.

పిచ్చుక ఆయన కళ్లలో నీళ్లు చూసింది. తర్వాత ఒక అడుగు దగ్గరికి వచ్చింది. రెండో చేత్తో తన జుట్టు పైకెత్తి చెవి చూపించింది. మచ్చ ఉన్నా లేనట్టే, దగ్గరగా చూస్తే తప్ప కనపడదు.

"నాక్కూడా వేసింది. అందరూ లేదు లేదు అన్నారు."

"అవును తల్లీ. చాలా నొప్పేసి ఉంటుంది. మేం చెప్పిందే తప్పు."

ఆయన కళ్ల నుంచి నీళ్లు గడ్డంలోకి, గడ్డం మిగలని చోట చెంప మీదికి కారాయి. తుడుచుకుందామంటే చేతులు గుడ్డ కింద ఉండిపోయాయి. పిచ్చుక తన గౌను అంచు ఎత్తి ఒకసారి అద్దింది. ఆయన మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే కత్తెరలోంచి విడదీసింది.

"ఇటువైపు ఇంకా చాలా ఉంది తాతా," అంది. "ఈసారి మెల్లగా చేస్తాలే. నొప్పేస్తే చెప్పు, ఆపేస్తా."